పెరిగిన కూలి

1981 వేసవిలో, భిలాయి శివార్లలో రాళ్లు పిండిచేసే మిల్లు దుమ్ము పీల్చి పీల్చి కన్నమ్మ భర్త పోయాడు. పోయాక కూడా అతని దగ్గు ఆమెకి వినిపిస్తూనే ఉండేది.

పొద్దున్నే పవర్ హౌస్ పేటలో కూలీల అడ్డాకి వెళ్లి, మిల్లు లారీ ఎక్కబోయేవాళ్లకి ఎదురు నిలబడేది.

"ఎల్లకండి బాబూ! ఆ దుమ్మే మా ఆయన్ని తినేసినాది."

జనం భయపడ్డారు. లారీ ఖాళీగా వెళ్లసాగింది. మనుషులు దొరక్క మిల్లు యజమాని కూలి రెట్టింపు చేశాడు.

మర్నాడు లారీ నిండిపోయింది. అందులో ఆమె తమ్ముడు బలరాం కూడా ఉన్నాడు.

"దిగరా! మీ బావెలా పోయాడో మర్చిపోనావేటి?"

"లేదప్పా. ఇంత కూలి ఇంకెవరిస్తారు? నీ మాట వల్లే కదేటి పెంచినారు!"

లారీ కదిలింది. పైనున్నవాళ్లంతా కన్నమ్మకి చేతులెత్తి దండం పెట్టారు.