రెండు ముక్కలు

“మోకాళ్ల నొప్పులు మీకే కదండీ? మిమ్మల్ని ఫొటోల్లో చూశా. కూర్చోండి,” అంది స్నేహితుడి భార్య తలుపు తీసి. “ఆయన పోయి రెండేళ్లయింది.”

ఎనిమిదేళ్లుగా ఫోన్‌లో మెసేజ్‌లు పెట్టుకుంటున్న స్నేహితుణ్ణి తొలిసారి కళ్లారా చూద్దామని, చెప్పకుండా వచ్చిన టైలరు కొయ్యబారిపోయాడు.

“మొన్న కూడా జవాబిచ్చాడే?”

“నేనేనండీ. ఆయనెలా ఉన్నారని మీరడిగితే చెబుదామని చూశా. ఒక్కసారీ అడగలేదు. మీ మోకాళ్లు, మీ ఓనరు, మీ అల్లుడు. ‘అవునా’, ‘అయ్యో పాపం’. ఈ రెండు ముక్కలతోనే నెట్టుకొచ్చా.”

టైలరు కుర్చీలో కూలబడ్డాడు. “ఇంతదూరం పడుతూ లేస్తూ వచ్చానమ్మా. ఇక నా గోడు ఎవరితో చెప్పుకోను?”

“అయ్యో పాపం,” అందామె అలవాటుగా.

రెండేళ్లుగా రోజూ చదువుకుని ఊరట పొందిన మాట, చెవిన పడితే అంత చప్పగా ఉంటుందని అతననుకోలేదు.