ముందే వచ్చే స్వరం

పియానోలు తెలివిమీరాక తప్పు వాయించడమనేదే లేకుండా పోయింది. ఒక్కసారి పాట వింటే చాలు, దాని కార్డ్‌లన్నీ పట్టేస్తాయి. నడుస్తున్న కార్డ్‌లో, అంటే కలిసి మోగే స్వరాల గుత్తిలో, ఇమడని మెట్టు నొక్కితే ఇక మోగనే మోగదు. చర్చిలో హార్మోనియం కూడా ఇప్పుడంతే. సికింద్రాబాద్‌లో సుగుణమ్మ ఇంటికి కూతురు ఎస్తేరు ముచ్చటపడి అలాంటి పియానోనే తెచ్చింది.

రేపు తండ్రి జయరాజు జ్ఞాపకార్థ కూడిక. ఆయన ట్రంపెట్ మీద కట్టిన జాజ్ పాటను ఎస్తేరు వాయించాలి. సుగుణమ్మ పక్కన కూర్చుని దాని లోగుట్టు విప్పి చెబుతోంది.

"ఈ కార్డ్ మీద నీకు తోచినట్టు అల్లుకోవే. చివర్లో మాత్రం మీ నాన్న, రాబోయే కార్డ్‌లోని స్వరాన్ని ముందే అందుకునేవారు. చెవికి కాస్త గుచ్చుకునేది. నేను గబగబా పియానో మీద ఆ కార్డ్ పట్టుకెళ్లి ఆయన్ని కలిసేదాన్ని. అప్పుడు హాయిగా ఉండేది."

ఎస్తేరు ఆ మెట్టు ముందే నొక్కింది. చెక్క టక్కుమంది, అంతే. మళ్లీ నొక్కింది. మళ్లీ టక్కు.

"ఇది ఒప్పుకోవట్లేదమ్మా. కార్డ్ వచ్చాకే వాయించేస్తాలే, ఎవరికి తెలుస్తుంది?"

"వద్దు. ముందే నొక్కు."

"వినబడదు కదమ్మా!"

సుగుణమ్మ కూతురి వేలి మీద తన వేలు పెట్టి నొక్కింది. టక్కు. రెండో చేత్తో తర్వాతి కార్డ్ మెల్లగా వాయించి, అది పూర్తిగా ఆరిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.

"ముందెళ్లిపోయిన మనిషి వినబడరే," అంది. "మనమే వెళ్లి కలవాలి."