వీపు మీద ముడి

“ఒళ్లు తేలిపోతన్నాది బావా! హాయిగా ఉంది. నాను రాను.”

హార్బరులో నెలల తరబడి మూసి ఉంచిన బార్జి పడవ ట్యాంకులోకి, తుప్పు గీకడానికి దిగిన నిసార్ పక్కున నవ్వాడు.

పైన తాడు పట్టుకున్న శ్రీరామ్మూర్తి గొంతు మారిపోయింది. “హాయిగా ఉందా? అయితే బేగి పైకొచ్చీ! లోపల గాలంతా తుప్పు తినేసినాది!”

“నీకేటి తెల్సు? నాకు బాగుంది.”

చంకల కింద తాడు బిగిసింది, పైన తాడు తిరిగే కప్పీ కిర్రుమంది. నిసార్‌కి ఒళ్లు మండింది. తాడు విప్పేద్దామని ముడి కోసం తడిమాడు. వీపు మధ్యన ఉంది. ఎంత మెలి తిరిగినా చెయ్యి అందలేదు. తిడుతూనే పైకి లేచాడు. సగం దారిలో ఆ తిట్టూ ఆగిపోయింది.

డెక్కు మీద ఎండలో కక్కుకున్నాక తెలివొచ్చింది. ఇందాకటి హాయి ప్రాణం మీదికి తెచ్చేదని అర్థమైంది.

“ముడి వెనకెందుకు కట్టినావు బావా?”

“నాను ఒకపాలి ముందుకి కట్టుకున్నాను. లోపల నాకూ ఇలాగే బాగుంది. నానే ఇప్పేసుకున్నాను.”

“మరెలా బతికినావు?”

“మా తమ్ముడు దిగినాడు. ఉన్న ఒక్క తాడుకీ నన్ను కట్టి పైకి పంపినాడు.”

“నీకు తమ్ముడున్నాడని ఎప్పుడూ సెప్పనేదే?” అనబోయి, నిసార్ ఆగిపోయాడు.