ఒక్కరినీ తీసెయ్యకూడదు

“అక్కా, చిన్న సందేహం.”

లాండ్రీ గేటు ముందు బైఠాయించిన ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వారు. సందేహాలాయన మళ్ళీ దిగాడు!

చంకలో సంచీ, మాసిన చొక్కా, నేలచూపులు. సమ్మె మొదలైన దగ్గర్నుంచి పొద్దున్నే ఊడిపడుతున్నాడు. ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చుని లాండ్రీ పొగగొట్టం కేసి చూస్తాడు. తర్వాత మెల్లగా వచ్చి, పెద్దక్కను ఏదో ఒకటి అడిగి పోతాడు.

పెద్దక్క ఇస్త్రీ రోలరు దగ్గర పనిచేస్తుంది. అందరూ ఆమెను పెద్దక్క అనేది వయసు చూసి కాదు, నోరు చూసి. ఆ రోలరులోనే ఆమె తోడికోడలి చెయ్యి పడి వేళ్ళు నలిగిపోయాయి. రోలర్లకు అడ్డు కడ్డీలు పెట్టేదాకా ఒక్క దుప్పటి కూడా ముట్టబోమని ఆ రోజే అందరూ బయటికి వచ్చేశారు.

“అడుగు,” అంది పెద్దక్క.

“సంఘంలో లేనివాడు కూడా సమ్మె చెయ్యొచ్చా?”

“చెయ్యొచ్చు.”

“నిన్నగాక మొన్న పనిలో చేరినవాడైతే?”

“వాడూ చెయ్యొచ్చు. దీనికి సీనియారిటీ ఏమిటి? గుండె ఉంటే చాలు.”

“మరి పనిలోంచి తీసేస్తే?”

“ఒక్కరిని తీసేసినా అందరం బయటే ఉంటాం!” పుల్ల విరిచినట్టు చెప్పింది పెద్దక్క. “వెళ్ళి మీ మేనేజరుకి ఇదే చెప్పు.”

“అది కాదక్కా, నేను...”

“నువ్వెవరో మాకు తెలుసులే. ఇక్కడి మాటలు అక్కడికి మోసేవాళ్ళను చాలామందిని చూశాం.”

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. అతని మొహం చిన్నబోయింది. అయినా తలూపి వెళ్ళిపోయాడు.

పొగగొట్టం కేసి అతనే కాదు, పెద్దక్కా చూస్తోంది. బాయిలరు వెలిగితే ఆవిరి వస్తుంది. ఆవిరి వస్తే రోలర్లు తిరుగుతాయి. తిప్పడానికి ఎవరో ఒకరు దొరక్కపోరు. సమ్మె అంతటితో సరి. బాయిలరుకు కొత్త మనిషిని పెట్టుకున్నామని మేనేజరు మొదటిరోజే గేటు దగ్గరికొచ్చి అరిచి చెప్పాడు కూడా.

కానీ ఏ రోజూ పొగ రాలేదు.

“ఎలా వస్తుంది?” సమ్మెలో వాళ్ళతోపాటే కూర్చున్న బాయిలరు బాబాయి మీసం మెలేశాడు. “అది నా చేతికి తప్ప ఎవడికీ లొంగదమ్మా. మొండిఘటం!”

అందరూ నమ్మారు. బాబాయి మరీ నమ్మాడు.

లోపల మాసిన దుప్పట్లు గుట్టలుగా పేరుకుపోయాయి. ఆస్పత్రులవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ ఫోన్ల మీద ఫోన్లు. చివరికి మేనేజరు దిగొచ్చి పెద్దక్కను మాటలకు పిలిచాడు.

“కడ్డీలు పెట్టిస్తాం.”

“సంతోషం. సమ్మె చేసినవాళ్ళలో ఒక్కరినీ తీసెయ్యకూడదు.”

“మీవాళ్ళను తీసెయ్యం. బాయిలరు దగ్గర మీవాడు ఆ ముసలాయనేనా?”

“ఆయనే.”

“ఇంకెవరూ లేరుగా?”

పెద్దక్కకు ఒళ్ళు మండింది. “ఇంకెవరుంటారు? మావాళ్ళెవరో మాకు తెలీదా?”

మేనేజరు ఎందుకో చిన్నగా నవ్వి సంతకం పెట్టాడు.

కడ్డీలు బిగించిన రోజు అందరూ కేరింతలు కొడుతూ లోపలికి నడిచారు. తోడికోడలు కట్టు కట్టిన చేత్తోనే కొత్త కడ్డీని తడిమి చూసింది. ఒక్కరం కూడా పోలేదు, అందరం తిరిగొచ్చాం అనుకుంటే పెద్దక్కకు గర్వంగా అనిపించింది.

మధ్యాహ్నం గేటు దగ్గరికి వస్తే, టీకొట్టు బల్ల ఖాళీగా కనిపించింది.

“సందేహాలాయన రాలేదేం? మొయ్యడానికి మాటలు దొరకడం లేదు కాబోలు,” అంది వాచ్‌మన్‌తో.

వాచ్‌మన్ నవ్వలేదు.

“మాటలు మోసిన మాట నిజమేనమ్మా. ‘సంఘంలో లేకపోయినా నేనూ సమ్మెలో ఉన్నాను, నన్ను తీసేస్తే వాళ్ళందరూ బయటే ఉంటారు’ అని మేనేజరు మొహం మీదే చెప్పాడు. బాయిలరు వెలిగించడానికి పెట్టుకున్న మనిషి ఆయనే. మేనేజరు ఎంత బెదిరించినా గేటు దాటి లోపలికి రాలేదు. నిన్న తీసేశారు.”

పెద్దక్క గిర్రున అతనివైపు తిరిగింది.

“తీసెయ్యడానికి వీల్లేదు! సమ్మె చేసినవాళ్ళను ఎవరినీ...”

“ఆయనా అదే అన్నాడు. మీవాడు కాదని మీరే చెప్పారటగా? ఆ మాట వినగానే ఇంక నోరెత్తలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.”

“ఎక్కడికి?”

“ఎవరికి తెలుసమ్మా?”

అన్ని ప్రశ్నలు వేసినవాణ్ణి, నువ్వెవరివని తాము ఒక్కసారైనా అడగలేదు. పెద్దక్కకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. విసవిసా లోపలికి నడిచి, రోలరును ఆపే ఎర్ర మీట నొక్కేసింది.

“ఏమైందక్కా? కడ్డీలు పెట్టారుగా?” తోడికోడలు కంగారుపడింది.

పెద్దక్క ఏప్రన్ విప్పి చంకన పెట్టుకుంది.

“గేటు దగ్గరికి పదండి. మనవాణ్ణొకణ్ణి తీసేశారు.”