తేనెమందు

గ్లాసులో నిమ్మరసం తక్కువైందని గోపినాథ్ పెళ్లాన్ని కొట్టాడు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండో దెబ్బకి పద్మిని వెళ్లి పొయ్యిగట్టుకి కొట్టుకుంది. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారింది. బాండీలో బోండాలు మాడుతున్నాయి. గోపినాథ్ గ్లాసు ఒలకకుండా కిటికీలో పెట్టాడు. వాచీ విప్పి దాని పక్కన పెట్టాడు. అప్పుడు ఆమె జుట్టు చేతికి చుట్టుకున్నాడు.

ఆ గ్లాసులోది మీడ్ అనే మందు. హాడో రేవులో ఎవరో విదేశీ పడవవాళ్లు పోస్తే ఒకసారి రుచి చూశాడు. తేనెనీళ్లలో ఈస్టు వేసి మూత బిగిస్తే పులిసి మందవుతుందని వాళ్లే చెప్పారు. ఇక గరాచర్మలో అతని ఇంట్లో జాడీ ఖాళీగా ఉన్నరోజు లేదు. తేనె, ఈస్టు పొట్లాలు కొని తేవడం వరకే అతని పని. బోటెక్కితే రోజుల తరబడి రాడు కాబట్టి జాడీ కలిపేదీ కనిపెట్టుకుని ఉండేదీ పద్మినే. కాక్‌టెయిల్ కూడా ఆమే కలపాలి. కొబ్బరినీళ్లు, అల్లం, నిమ్మరసం, చీల్చిన పచ్చిమిర్చి, పైన సోడా. అతను ఫోన్లో చూసి చెబుతాడు. రెండు గ్లాసులు పడ్డాక కొడతాడు. తెల్లారి ఏడుస్తాడు.

ఈసారి కిందపడేసి తన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెడితే మణికట్టు మీద తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు అతనికీ వినిపించింది.

అంతలో ఎవరో తలుపు బాదారు. పక్కింటి గవరయ్య. వాళ్ల వాడకి పెద్దమనిషి, గోపినాథ్‌కి బాబాయి వరస. పద్మిని బోండాలు ఈమధ్య దూదిలా ఉంటున్నాయని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి. ఆయన గొంతు వినగానే గోపినాథ్ కాళ్లు తూలడం మొదలెట్టాయి. గోడ పట్టుకుంటూ వెళ్లి తలుపు తీశాడు.

"నషా చఢ్ గయా బాబాయ్, మత్తెక్కిపోనాది," అన్నాడు. "ఏటి చేసేనో నాకే తెల్దు."

గవరయ్య అతన్ని తోసుకుని లోపలికొచ్చాడు. పద్మిని లేచి కూర్చుంది. బాగున్న చేత్తో మెళ్లో పుస్తెలతాడు తీసి ఆయన చేతిలో పెట్టింది.

వాళ్ల వాడలో అదొక పద్ధతి. పెద్దమనిషి ఆ తాడు పుచ్చుకుంటే బంధం తెగినట్టే. ఆమె వెళ్లిపోతుంటే మొగుడు అడ్డం రాకూడదు. కాని తాగకుండా తెలివిలో ఉండి కొట్టినవాడి తాడే పుచ్చుకుంటారు. తాగి కొట్టినవాణ్ణి గంగమ్మ ముందు గుంజీలు తీయించి వదిలేస్తారు. గోపినాథ్ ఇంతకు ముందు రెండుసార్లు తీశాడు.

గవరయ్య తాడు తిరిగి ఇవ్వబోయాడు. "నా కడుపు తరుక్కుపోతంది తల్లీ. గానీ ఒళ్లు తెలీనోడి తాడు పుచ్చుకుంటే రేపు వాడంతా నన్ను నిలదీస్తాది."

"తప్పు మందుది బాబాయ్," అన్నాడు గోపినాథ్. "రేపే గుంజీలు తీసేస్తాను." రక్తం లేనిచోటు చూసుకుని కూలబడ్డాడు.

పద్మిని తాడు అందుకోలేదు. లేచి, గోడ ఆనుకుంటూ వెళ్లి, కిటికీలోని గ్లాసు తెచ్చి గవరయ్య ముందు పట్టింది.

"తాగు మావయ్యా."

గవరయ్య గంగమ్మకి మొక్కుకుని తాగుడు మానేసిన మనిషి. అది వాడంతటికీ తెలుసు. గోపినాథ్ కిసుక్కున నవ్వాడు. దెబ్బలకి దీనికి మతి పోయిందన్నాడు.

"మొక్కేటీ పోదు. తాగు," అంది పద్మిని.

ఆమె గ్లాసు దించలేదు. చివరికి ఆయన గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి ఆగాడు. గోపినాథ్ వైపు చూశాడు. మిగిలినదంతా గటగటా తాగేశాడు. తాడు ఉన్న చెయ్యి మెల్లగా గుప్పిట మూశాడు.

"ఎన్నాళ్ల నుంచే?" అని అడిగాడు.

"నా బోండాలు పొంగుతున్న కాణ్ణించీ మావయ్యా," అంది పద్మిని. "ఈయన తెచ్చిన ఈస్టంతా ఆ పిండిలోనే ఏస్తన్నాను. జాడీలోవి ఒట్టి తేనెనీళ్లే."