ముప్పై ఏడు ముక్కల కూజా

శనివారం మధ్యాహ్నం తపాలా సంచిలోంచి ఆ అట్టపెట్టెను ఎత్తగానే లోపల గలగలమంది.

పార్సెల్ గుమాస్తా దాన్ని మెల్లిగా చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పన్నెండేళ్లుగా అతని చేతుల మీదుగా వెళ్లిన పార్సెళ్లలో ఒక్కటి కూడా పగిలిందన్న ఫిర్యాదు రాలేదు. పసిపిల్లల్ని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు పెట్టెల్ని దించుతాడు. అందుకే ఆఫీసులో అతనికి 'దూది' అని పేరు పెట్టారు. ఈ ఏడు కూడా నష్టపరిహారం క్లెయిము ఒక్కటీ రాకపోతే, బుధవారం సాయంత్రం పోస్టుమాస్టరు అతని బదిలీ కాగితం మీద సంతకం పెడతాడు. ఇంటి పక్క వీధిలోని పెద్దాఫీసుకి బదిలీ. రోజూ రెండు బస్సులు మారే పీడ వదులుతుంది. ఆ సంగతి భార్య అప్పుడే వీధంతా టముకు వేసేసింది.

దూది పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఎక్కడా చిన్న సొట్ట కూడా లేదు. లోపల మాత్రం గలగల.

ఒకరి పార్సెల్ విప్పడం ఉద్యోగం ఊడే నేరమని అతనికి తెలుసు. తెలిసే, దాన్ని సంచిలో దాచి ఇంటికి పట్టుకుపోయాడు.

టేపు ఊడదీస్తే లోపల గుడ్డ మూట. మూటలో నీలం పిట్టల బొమ్మలున్న పింగాణీ కూజా. అంటే ఒకప్పటి కూజా. ఇప్పుడు ముప్పై ఏడు ముక్కలు.

"ఎవరిదండీ ఇది?" అంది భార్య.

"ఎవరో పెద్దావిడది. మలుపులో మేడ ఇల్లు."

"దారిలో పగిలిందని చెప్పి ఇచ్చేయరాదూ."

"చెప్తే క్లెయిము వేస్తుంది. వేస్తే బదిలీ హుళక్కి."

ఆ ఒక్క మాటకి భార్య నడుం బిగించింది.

ఆదివారమంతా ఇద్దరూ నేల మీద బోర్లా పడుకున్నారు. కనుబొమ్మలు తీర్చుకునే పట్టకారుతో ఆమె ముక్క అందిస్తుంటే, అగ్గిపుల్లతో అతను జిగురు రాశాడు.

"మన పెళ్లి ఫోటో అద్దం పగిలి మూడేళ్లయింది. దానికి దొరకని జిగురు దీనికి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో."

"కాసేపు ఊపిరి బిగబట్టవే. పిట్ట తోక కదులుతోంది."

సాయంత్రానికి ముప్పై ఆరు ముక్కలు కుదిరాయి. ఒక పిట్టకి ముక్కు లేదు. మంచం కింద వెతికారు, చీపురుతో ఊడ్చి వెతికారు, పిల్లి నోరు తెరిచి కూడా చూశారు. చివరికి ఆ ముక్కు భార్య జడలో దొరికింది.

కూజాను కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకున్నారు. అతుకు ఎక్కడుందో అతికించినవాళ్లకే తెలియలేదు.

"మీ చేతిలో ఇంత పనితనం ఉందని ముందే చెబితే, ఇన్నాళ్లూ కాస్త గౌరవంగా చూసుండేదాన్ని," అంది భార్య.

సోమవారం పెట్టె పెద్దావిడ గడప చేరింది. మంగళవారం ఏ కబురూ లేదు. దూది ఈల వేసుకుంటూ పని చేశాడు.

బుధవారం నాలుగింటికి, గొలుసు కళ్లద్దాలు పెట్టుకున్న ఓ పెద్దావిడ కౌంటరు మీద అదే పెట్టెను టక్కున దించింది. పెట్టె మీద ఓ ఫారం.

దూది చదివాడు. వస్తువు: కూజా. జరిగిన నష్టం: పూర్తిగా.

పెట్టెను మళ్లీ నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"పెట్టెకి ఏమీ కాలేదు కదమ్మా," అన్నాడు.

"పెట్టెతో నాకేం పని?" ఆవిడ కూజాను బయటికి తీసింది. అది నిగనిగలాడుతోంది.

"కూజా కూడా లక్షణంగా ఉంది. పిట్టలు ఇప్పుడే ఎగిరిపోయేలా ఉన్నాయి."

"నా కళ్లు ఇంకా పోలేదు నాయనా." ఆవిడ చేతిసంచిలోంచి భూతద్దం తీసింది. "ఇదిగో, తోక దగ్గర జిగురు. మెడ చుట్టూ జిగురు. ఎవడో తీరిగ్గా కూర్చుని చేశాడు."

"కొన్నిటికి పుట్టుకతోనే గీతలుంటాయమ్మా."

"ముక్కు కూడా పుట్టుకతోనే వంకరా?"

లోపలి గదిలోంచి పోస్టుమాస్టరు బయటికొచ్చాడు. ఒక చేతిలో బదిలీ కాగితం, రెండో చేతిలో మూత తీసిన పెన్ను.

"ఏంటయ్యా దూదీ, క్లెయిమా?"

"అబ్బే, చిన్న సందేహం సార్."

"సందేహం కాదు, క్లెయిమే," అంది పెద్దావిడ కుర్చీ లాక్కుని. "నా పార్సెల్ ఎవరు విప్పారో తేలేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

దూది పెన్ను వంక చూశాడు. భూతద్దం వంక చూశాడు. తప్పించుకునే సందు కనబడలేదు.

"నేనేనమ్మా," అన్నాడు. "మా దగ్గరే పగిలింది. తెలిస్తే బదిలీ పోతుందని ఇంటికి తీసుకెళ్లి అతికించాను. మా ఆవిడ కూడా ఓ చెయ్యి వేసింది."

పోస్టుమాస్టరు పెన్నుకి మూత పెట్టాడు.

"పన్నెండేళ్లకి నీ చేతిలోనూ పగిలిందన్నమాట." ఆవిడ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "తప్పు మాదేనండీ. పగిలినందుకు పరిహారం ఇప్పిస్తాం. ఇక్కడో సంతకం చేయండి."

ఆవిడ సంతకం చేయలేదు.

"పగిలినందుకు కాదయ్యా; పగిలిన పింగాణీ అతికించడం నేర్పే బడి నాది, ఆ ముక్కలు రేపటి పరీక్షకి నేను తెప్పించుకున్న ప్రశ్నపత్రం, ఇతనేమో జవాబు రాసి పంపాడు."