బొమ్మతో వచ్చే పుస్తకం

కీ ఇస్తే గంతులేసే కోతి బొమ్మతోపాటు ఉచితంగా ఇచ్చే కామిక్ పుస్తకం ఉదయలక్ష్మిది. కథ రాసేదీ, గీసేదీ ఆమే.

"బొమ్మ బాగా అమ్ముడవుతోంది. ఇంక పుస్తకం దండగ" అని కంపెనీ మేనేజరు ఆపేశాడు. ఆఖరి సంచిక ఎవరు కొంటారో చూద్దామని ఆమె దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి వెళ్లింది.

తల నెరిసిన కిష్టమ్మ వచ్చి బొమ్మ కొంది. అక్కడే డబ్బా చించి, పుస్తకం తీసి, నిలబడే చదువుతూ పకపకా నవ్వింది.

"మనవడికాండీ?" అడిగింది ఉదయలక్ష్మి.

"నాకే. పోయినసారి గీ కోతి ఎల్బీనగర్‌ల మెట్రో ఎక్కి తప్పిపాయె. ఏమైందోనని ఒకటే పరేషాన్."

"అది నేనే రాశానండీ!"

"నువ్వా బిడ్డా!" కిష్టమ్మ ఆమె చేతులు పట్టుకుని ఊపేసింది. "మా గల్లీల ఆడోళ్లమంతా సదువుతం. మళ్ల ఎప్పుడొస్తది?"

"ఇంక రాదండీ. బొమ్మ ఒక్కటే అమ్ముతారట."

"బొమ్మ ఎవలకు గావాలె? మా ఇంట్ల అటక నిండ గవే ఉన్నయ్. ఇది గూడ నువ్వే తీస్కపో."

ఉదయలక్ష్మి పగలబడి నవ్వుతూ మేనేజరుకి ఫోన్ కలిపి, కిష్టమ్మ చేతికిచ్చింది.

మరుసటి నెల కోతి కథ మళ్లీ దుకాణాల్లోకి వచ్చింది. ఆగిపోయింది బొమ్మే.